ఏడు గంటల దగ్గర ఏడు

(అమలాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన సాయంత్రం సభలో, పదిహేడేళ్లు ఎయిర్ పిస్టల్ షూటింగ్ ఆడి, రైల్వేలో రిటైరై సొంతూరు తిరిగి వచ్చిన ఒక పాఠకుడి ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారమండి.

ముందు ఒక మాట చెప్పేస్తాను. లేకపోతే మీలో కొందరు ఈ సంచీ వైపే చూస్తూ కూర్చుంటారు. ఇందులో తుపాకీ లేదు. లైబ్రేరియన్ గారు కూడా పొద్దున ఫోన్ చేసి, "సభకి అది పట్టుకొస్తున్నారా అండీ?" అని అడిగారు. ఆ గొంతులో ఉన్నది సరదానో భయమో నాకు తెలియలేదు. నేను తెచ్చింది ఒక చెక్కముక్క. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముప్పై ఆరేళ్లు సికింద్రాబాద్ రైల్ నిలయంలో లెక్కలు రాశాను. అంతకాలం రైల్వే ఉప్పు తిని, ఆఖరికి రైలు రాని ఊరికి పోయావేమిట్రా అని నా తోటివాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. ఏళ్ల తరబడి పూర్తికాని కోటిపల్లి-నరసాపురం రైలు లైను సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. దాని జోలికి వెళ్తే ఈ సభ రేపటికి కూడా అవ్వదు.

ఇక్కడికి వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. కోనసీమలో షూటింగ్ అంటే సినిమా షూటింగే కదా. కాలవ గట్టు, కొబ్బరితోట, పడవ మీద హీరోయిను. మేం దిగిన వారానికి మా వీధి పెద్దాయన ఒకరు అరుగు మీద కూర్చోబెట్టి, "హైదరాబాదులో శనివారం శనివారం షూటింగుకి వెళ్లేవాడివటగా, ఏం వేషాలు కట్టావురా?" అని అడిగారు. (నవ్వులు) ఆయన ఇక్కడే ఉన్నారు. బాబాయ్ గారూ, ఇవాళ మీకోసమే ఈ ఉపన్యాసం.

నేను ఆడింది పది మీటర్ల ఎయిర్ పిస్టల్. మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు బయటికి వస్తుంది. పెల్లెట్ అంటాం. నాలుగున్నర మిల్లీమీటర్ల మందం, అర గ్రాము బరువు. పిస్టల్‌ని ఒంటిచేత్తోనే పట్టుకోవాలి, మోచేతికి ఏ ఆసరా ఉండకూడదు. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో అట్ట టార్గెట్ ఉంటుంది. దాని మధ్యలో పది మార్కులు ఇచ్చే వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు. అది ఎంత ఉంటుందంటే, ఒక్కసారి మీ చొక్కా గుండీ చూసుకోండి. అంతే. నేను నిలబడ్డ చోటు నుంచి ఆ పత్రికల బల్ల దాకా సుమారు పది మీటర్లు ఉంటుంది. అక్కడ కూర్చున్నవారి చొక్కా గుండీకి గురి పెట్టడం అన్నమాట. భయపడకండి, సంచీలో చెక్కముక్కేనని చెప్పాను కదా.

అలా అరవై సార్లు కొట్టాలి. మొత్తం 600 మార్కులు. మేం ఆడే చోటుని రేంజి అంటాం. మా పాత పేపర్ టార్గెట్ల రేంజిలో అయితే గంటన్నర టైము, ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే గంటా పావు. 1988 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పోటీ ఇది. లైసెన్సు ఎలా సంపాదించావని అడుగుతుంటారు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి మన దేశంలో ఆయుధాల లైసెన్సు అక్కర్లేదు. మా పిస్టల్ శక్తి అందులో మూడో వంతు కూడా ఉండదు. అలాగని బొమ్మా కాదు. కంట్లో తగిలితే కన్ను పోతుంది. అందుకని రేంజిలో పిస్టల్ బల్ల మీద పెట్టగానే గొట్టంలోంచి రంగు తాడు ఒకటి దూర్చి, లోపల గుండు లేదని అందరికీ కనబడేలా ఉంచుతాం. సీసం ముట్టుకున్న చేత్తో ఏమీ తినం, కడుక్కున్నాకే టీ అయినా.

నేను ఇందులోకి వచ్చింది 2008లో. ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టాడు. మనదేశానికి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. ఆఖరి గుండుకి ముందు ఫిన్లాండ్ షూటరూ బింద్రా సమానంగా ఉన్నారు. అతను 9.7 కొట్టాడు, మనవాడు 10.8. ఫైనల్లో పదిని కూడా దశాంశాల్లో కొలుస్తారు లెండి. ఆఫీసులో అందరం టీవీ చుట్టూ మూగాం. ఆ రోజుల్లో హైదరాబాదులో ఎంతమంది తండ్రులు కొడుకుల్ని రేంజిలకి లాక్కెళ్లారో లెక్కలేదు. నేనూ మావాణ్ని లాక్కెళ్లాను. వాడికి పన్నెండేళ్లు. మూడు నెలల్లో మానేసి క్రికెట్‌కి పోయాడు. ఆర్నెల్ల ఫీజు కట్టేసి ఉన్నాను. అకౌంట్స్ వాణ్ని, కట్టిన డబ్బు వదులుకోలేక మిగతా మూడు నెలలు నేను వెళ్లాను. ఆ మూడు నెలలు కాస్తా పదిహేడేళ్లయ్యాయి. మొదలుపెట్టేటప్పటికి నాకు నలభై నాలుగు.

ఈ ఆటలో బయటివాళ్లకి నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. షూటర్ టార్గెట్ వైపు చూడడు.

నిజమండి. పిస్టల్ వెనక భాగంలో చిన్న గాడి ఉంటుంది, ముందు కొసన చిన్న దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ ఈ గాడి మధ్యలో, అటూ ఇటూ సమానమైన వెలుతురు వదిలి, పైన ఒకే మట్టంగా కనబడాలి. అవతల నల్లటి చుక్క ఉంటుంది. కంటికి ఒకసారి ఒక దూరమే స్పష్టంగా కనబడుతుంది కాబట్టి ఈ మూడిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. కొత్తవాళ్లందరూ నల్లచుక్కనే ఎంచుకుంటారు. అది తప్పు. చెయ్యి కాస్త ఊగి మొత్తం పిస్టల్ ఒక సెంటీమీటరు పక్కకి జరిగిందనుకోండి, గుండు కూడా అక్కడ ఒక సెంటీమీటరే జరుగుతుంది. తొమ్మిది వస్తుంది, పోనీ అనుకోవచ్చు. అదే ముందు దిమ్మ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే, పది మీటర్లు వెళ్లేసరికి అది మూడు సెంటీమీటర్లవుతుంది. పది కాస్తా ఏడవుతుంది. అందుకని దిమ్మ గీత గీసినట్టు కనబడాలి. టార్గెట్ మబ్బులో చందమామలా మసగ్గా ఉన్నా ఫరవాలేదు.

మరి నలభై అయిదు దాటాక కళ్లకి ఏమవుతుందో ఈ హాల్లో సగం మందికి తెలుసు. దిమ్మే మసకబారింది. తార్నాకలో కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను. "దూరానికా సార్, చదవడానికా?" అన్నాడు. రెండూ కాదు, చెయ్యి చాపితే అక్కడికి అన్నాను. పిస్టల్ తీసుకుని షాపులోకి వెళ్లలేను కదా. ఆఫీసు స్కేలు పట్టుకెళ్లి, దాన్ని ముందుకి చాపి, దాని కొసన ఉన్న అంకె కనబడేదాకా అద్దాలు మార్పించాను. షాపు కుర్రాడు పక్కవాడితో గొణుక్కున్నాడు. ఏమన్నాడో వినబడలేదు గానీ వినకపోవడమే మంచిదనిపించింది. ప్లస్ 0.75 దగ్గర అంకె తేలింది. ఆ కళ్లజోడుతో బస్సు నంబరూ కనబడదు, పేపరూ చదవలేం. లోకంలో ఒక్క పనికే పనికొచ్చే జోడు అది. ఇంట్లో ఇంకా ఉంది. మొన్న మా ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించి విసుగొచ్చి పక్కన పడేసింది.

వయసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫోటో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. మామూలు కళ్లజోడు, ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో. 51 ఏళ్ల వయసులో మిక్స్‌డ్ టీమ్‌లో రజతం. ఏం స్టయిలు, ఏం నిర్లక్ష్యం అని జనం మురిసిపోయారు. ఆ చెయ్యి జేబులో పెట్టడం స్టయిలు కాదండి, మేం అందరం పెడతాం. ఖాళీ చెయ్యి వేలాడుతుంటే ఒళ్లంతా ఊగుతుంది, అందుకని దాన్ని జేబులోనో బెల్టులోనో కట్టిపడేస్తాం. నా పాత ప్యాంట్లన్నింటికీ ఎడమ జేబే ముందు చిరిగేది. అదే పారిస్‌లో జార్జియా దేశపు నీనో సలుక్వాద్జే 55 ఏళ్ల వయసులో తన పదో ఒలింపిక్స్ ఆడింది. 1988లో సోవియట్ జట్టు తరఫున మొదలుపెట్టిన మనిషి. మధ్యలో రియోలో కొడుకుతో కలిసి ఆడింది. ఇటు చూస్తే మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్, 2018లో పదమూడేళ్లకే పెద్దవాళ్లందరినీ దాటి జాతీయ విజేత అయింది. పదమూడూ యాభై అయిదూ ఒకే గీత దగ్గర నిలబడే ఆటలు ఎన్నున్నాయి చెప్పండి.

నా స్థాయి మాత్రం వేరు. పదిహేడేళ్లలో నా గొప్ప స్కోరు 561. అది 2014లో, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న రేంజిలో వచ్చింది. మిగతా రోజుల్లో 540, 545 దగ్గర తచ్చాడేవాణ్ని. జాతీయ పోటీల వాళ్లు 580 దగ్గర ఉంటారు. నాకు పతకం లేదు. ఏడు గంటల జబ్బు మాత్రం ఉంది.

అదేమిటంటే, మా భాషలో టార్గెట్ ఒక గడియారం. పైకి పోతే పన్నెండు గంటలు, కుడికి పోతే మూడు. కుడిచేతి వాటం మనిషి ట్రిగ్గర్‌ని మెత్తగా లాగకుండా గబుక్కున నొక్కితే, పిస్టల్ మూతి కిందికీ ఎడమకీ తలూపుతుంది. గుండు ఏడు గంటల దగ్గర పడుతుంది. ట్రిగ్గర్ కదలాలంటే దాని మీద అర కిలో బరువు పడాలి. వేలు ఒక్కటే కదలాలి. మా కోచ్ గారు మాజీ సైనికుడు, నాకంటే పదేళ్లు చిన్న. మొదటి రోజే నా అట్ట చూసి, "సార్, మీరు వేలితో కాదు, భుజంతో నొక్కుతున్నారు" అన్నారు.

గబుక్కున ఎందుకు నొక్కుతామో చెబితే నవ్వుతారు. చెయ్యి ఎవరిదైనా వణుకుతుంది, ఒలింపిక్ విజేతదైనా సరే. దిమ్మ నల్లచుక్క కింద మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుని ఒప్పుకుని, అది తిరుగుతుండగానే వేలు తన పని తాను చేసుకుపోవాలి. మనం ఊరుకోం. దిమ్మ సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణంలో, ఇదిగో ఇప్పుడే, దొరికింది, అని పట్టుకోబోతాం. అంతే, ఏడు గంటలు.

దీనికి మందు ఉంది. దించడం. చెయ్యి ఎత్తాక ఆరేడు సెకన్లలో గుండు వెళ్లకపోతే, ఇక మనసులో కొట్టాలా వద్దా అనే బేరం మొదలవుతుంది. అప్పుడు కొట్టకుండా పిస్టల్ దించేసి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తాలి. దించినందుకు ఎవరూ మార్కు కొయ్యరు. కానీ ఎత్తిన చెయ్యి ఊరికే దించడానికి మనసొప్పదు, అదేదో ఓడిపోయినట్టు ఉంటుంది. నేను కొత్త పిల్లలకి నేర్పిన ఒకే ఒక్క పాఠం ఇది. పెద్ద షూటర్‌ని గురి చూసి గుర్తుపట్టక్కర్లేదర్రా, ఎన్నిసార్లు దించాడో చూడండి అనేవాణ్ని. చెప్పడం బాగానే చెప్పేవాణ్ని.

సరే, ఊరు మారే సంగతికి వద్దాం. మల్కాజిగిరి ఫ్లాటు అమ్మేశాం. ఆషాఢం వచ్చేలోపు కొత్త ఇంట్లో పాలు పొంగించాలని మా ఆవిడ గడువు పెట్టింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది నుంచి నా పాత టార్గెట్ అట్టలు దిగాయి. పదిహేడేళ్లవి. ప్రతి దాని మీదా తేదీ, స్కోరు, ఆ రోజు ఎక్కడ తప్పు చేశానో ఒక ముక్క. పాత పేపర్లు కొనే అతను వచ్చి ఒక కట్ట విప్పి చూసి, "అన్నీ చిల్లులే ఉన్నయ్ కద సార్, ఇవి తూకంల రావు" అన్నాడు. (నవ్వులు) చివరికి న్యూస్‌పేపరు ధర కంటే కిలోకి రెండు రూపాయలు తక్కువకి ఒప్పుకున్నాను. వాటి వెంట నా లెడ్జర్ కూడా ఉంది. అది ఇవ్వలేదు. దాని లెక్క ప్రకారం నేను కొట్టిన గుళ్లు లక్షా రెండు వేల చిల్లర. గుండుకి అర గ్రాము చొప్పున యాభై కిలోల సీసం. అంటే పదిహేడేళ్లు కష్టపడి రెండు బియ్యం బస్తాల బరువుని పది మీటర్లు అవతలికి చేరవేశాను. రైల్వేలో గూడ్సు వాళ్లయితే ఈ పనికి అయిదు నిమిషాలు కూడా తీసుకోరు.

జ్యేష్ఠంలో ఒక శనివారం ఆఖరిసారి రేంజికి వెళ్లాను. మా రేంజి ఒక ఫంక్షన్ హాలు కింద సెల్లారులో ఉండేది. ఆరు లేన్లు. అట్టని తాడుకి తగిలించి చేతి చక్రం తిప్పితే అవతలికి వెళ్తుంది, కొట్టాక మళ్లీ తిప్పి రప్పించుకోవాలి. ముహూర్తాల రోజుల్లో పైన పెళ్లి, కింద మేం. బిర్యానీ వాసన మెట్ల మీది నుంచి దిగి వచ్చేది. ఆ రోజూ పెళ్లి ఉంది.

ఇదే ఆఖరని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫోటోలూ శాలువాలూ అంటారు, నాకు మొహమాటం. గాలి నింపే కంప్రెసర్ చూసుకునే కుర్రాడికి పిస్టల్ గాలి సిలిండరు ఇచ్చాను. "ఏంటంకుల్, ఇవాళ ఇస్త్రీ చొక్కా?" అన్నాడు. మా ఆవిడ మిగతావన్నీ పెట్టెల్లో సర్దేసింది, అందుకని పెళ్లిళ్లకి వేసుకునే చొక్కా ఒకటే మిగిలింది. స్టేట్ మ్యాచ్ దగ్గర పడటంతో లేన్లన్నీ స్కూలు పిల్లలతో నిండిపోయాయి. గోడ పక్క ఆరో లేను దొరికింది. దాని ట్యూబ్‌లైటు రెండేళ్లుగా కొట్టుకుంటూనే ఉంది. బాగు చెయ్యమని నేనే ఏడెనిమిదిసార్లు చెప్పాను. ఇక చెప్పాల్సిన పని లేదు కదా అనుకుంటే తేలిగ్గా అనిపించింది, వెంటనే ఏదోలా కూడా అనిపించింది.

మ్యాచ్ లెక్కన అరవై కొడదామని కూర్చుని పెల్లెట్లు ఎంచి పెట్టుకున్నాను. ముందు సైటర్లు కొట్టాను. సైటర్లంటే లెక్కలోకి రాని గుళ్లు, ఇవాళ గురి ఎటు పోతోందో చూసుకోడానికి. తర్వాత పాదాలు సరిచూసుకున్నాను. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తాలి, తెరిచి చూస్తే పిస్టల్ టార్గెట్‌కి పక్కగా ఉంటే చెయ్యి జరపకూడదు, కాలు జరపాలి. చేతిని జరిపితే అది మళ్లీ తన చోటికే పోతుంది. పదిహేడేళ్లలో నాకు ఒంటబట్టిన విద్య ఇదొక్కటే.

మొదటి పది గుళ్లకి 93. రెండో పదికి 95. మూడో పదికి 94. నేనసలు టార్గెట్ లాగి చూసుకోవడమే మర్చిపోయేంత బాగా సాగింది. పైన ఏ పాట మోగుతోందో కూడా తెలియదు. ముప్పై గుళ్లకి 282.

అక్కడ అకౌంట్స్ గుమాస్తా నిద్ర లేచాడు. నా గొప్ప స్కోరు 561. ఇంకో 280 కొడితే 562. అంటే పది పదికీ 93, 94 చాలు. ఇప్పటిదాకా వస్తున్నదే కదా. ఆఖరి రోజు రికార్డు. ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పడం, కొడుక్కి ఫోన్ చెయ్యడం దాకా వెళ్లిపోయింది బుర్ర. నాలుగో పది 87. ఎందుకిలా అయిందో నాకు తెలుసు, అట్ట మీద గుళ్లన్నీ ఏడు గంటల వైపు చేరాయి. కూర్చుని మంచినీళ్లు తాగాను. అయిదో పది 91. రికార్డు ఆశ పోయింది గానీ 550 అయినా దాటిద్దామని ఇంకో లెక్క పుట్టింది. లెక్కలకేం, ఎన్నయినా పుడతాయి.

ఆరో పదిలో తొమ్మిది గుళ్లు అయ్యేసరికి ఏ లెక్కా మిగల్లేదు. ఒక్క పెల్లెట్ మాత్రం బల్ల మీద ఉంది. ఇదొక్కటైనా పది కొట్టి పోవాలి అనుకున్నాను. చెయ్యి ఎత్తాను. దిమ్మ కుదిరింది. కుదిరిందని నేను సంతోషించేలోపు తప్పుకుంది. మళ్లీ వచ్చింది. ఆరు సెకన్లు దాటాయి, ఎనిమిది దాటాయి. దించాలని తెలుసు. పిల్లలకి వెయ్యిసార్లు చెప్పినవాణ్ని, తెలియకేం. సరిగ్గా అప్పుడు పైన గట్టిమేళం మోగింది. ట్రిగ్గర్ లాగేశాను.

చక్రం తిప్పి అట్ట రప్పించుకున్నాను. ఏడు. ఏడు గంటల దగ్గర ఏడు.

గట్టిమేళం మీదికి నెట్టేయొచ్చు. పెళ్లివారికి శాపనార్థాలు పెట్టడం బాగుండదు. పైగా నా మొదటి రోజు అట్ట, 2008 నాటిది, దాన్ని మాత్రం తూకానికి వెయ్యలేదు, అందులో కూడా గుళ్లన్నీ అక్కడే ఉన్నాయి. లక్షా రెండు వేల గుళ్ల తర్వాత బయల్దేరిన చోటికే వచ్చాను. మొత్తం స్కోరు 546.

పక్క లేనులో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది. నేను కొడుతున్నంతసేపూ తన పిస్టల్ బల్ల మీద పెట్టి చూస్తోందట. అట్ట తీస్తుంటే నెమ్మదిగా, "ఆఖరుది దించాల్సింది అంకుల్" అంది. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు ఆ అమ్మాయికేనని నాకు తెలుసులెండి.

నా పిస్టల్ కొంటానన్నది ఆ అమ్మాయి వాళ్ల నాన్నే. మొబైల్ రిపేరు షాపు ఆయనది. అది ఆస్ట్రియాలో తయారైన స్టేయర్ ఎల్‌పీ10. నేను కూడా సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను, అప్పటి నా మూడు నెలల జీతం పెట్టి. ఎంతకిచ్చానో ఇప్పుడు చెప్పను, మా ఆవిడ మూడో వరుసలో ఉంది.

అమ్మకుండా ఉంచుకోవచ్చుగా అని మీకు అనిపించొచ్చు. ఉంచుకుందామనే అనుకున్నాను. చిక్కంతా గాలితో వచ్చింది. దాని సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపాలి. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడ టైర్ల షాపులో వాకబు చేశాను. ఎంత కొట్టాలండీ అన్నాడు. కారు టైరుకి ఎంత కొడతావన్నాను. ముప్పై, ముప్పై రెండు అన్నాడు. ఆ లెక్కలో దీనికి 2,900 అన్నాను. అతను కాసేపు నా మొహం చూసి, "అంత కొడితే నేనూ మీరూ ఈ షాపూ గౌతమి దాటి యానాంలో పడతామండి" అన్నాడు. చేత్తో కొట్టే పంపులు ఉన్నాయి గానీ, అరవై రెండేళ్ల గుండెతో ఆ పని వద్దని డాక్టరు గారు నవ్వుతూనే గట్టిగా చెప్పారు. సిలిండరుకి కూడా పదేళ్లే ఆయుష్షు, దాని మీద తేదీ ముద్ర వేసి ఉంటుంది. గాలి లేని పిస్టల్‌ని బీరువాలో పెట్టుకుని ఏం చెయ్యను. ఆడే పిల్ల చేతిలో ఉంటే నయం.

ఇప్పుడు ఈ చెక్కముక్క చూడండి. అందరికీ చూపించండి, చేతులు మారినా ఫరవాలేదు. ఇది పిస్టల్ పిడి. గ్రిప్ అంటాం. వాల్‌నట్ చెక్క. కొత్తది కొన్నప్పుడు ఏ చేతికీ సరిపోదు. ఆకురాయి పట్టి అరగదియ్యాలి, తక్కువైన చోట చెక్క పుట్టీ పెట్టి ఆరబెట్టాలి. బొటనవేలి కింద కాస్త, అరచేతి మడమ దగ్గర కాస్త. ఎంతకాలం పడుతుందీ అంటే, నాకు రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి ఏదో గీకుతూనే ఉండేవాణ్ని. నల్లబడింది చూశారా, అది చెమట. ఆ అమ్మాయి చెయ్యి చిన్నది, ఆమెకి చిన్న సైజుది కావాలి. ఆ సెల్లారులోనే అల్లెన్ కీతో దీన్ని విప్పేసి, మిగతాది వాళ్ల నాన్నకి అప్పజెప్పాను. కొత్త గ్రిప్ బిగించి తను ఎత్తి చూసుకుంది. ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. అందులో పెల్లెట్ లేదు, ఊరికే అలవాటు చేసుకుంటోంది. నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను. పెళ్లి హాలు గుమ్మంలో ఎవరో నా ఇస్త్రీ చొక్కా చూసి పన్నీరు చల్లి, భోజనానికి రండి అన్నారు. నిజం చెప్పాలంటే వెళ్లి తిన్నాను. ఎవరి తరఫువారండీ అని అడిగితే, కింది తరఫు అన్నాను.

ఇదిగో, ముందు వరుసలో బాబు చెయ్యెత్తుతున్నాడు. అడుగు నాన్నా. ... "తాతగారూ, ఇప్పుడు మీరు ఇంకెప్పుడూ కొట్టరా?" అంటున్నాడు.

నేను నీ అంత ఉన్నప్పుడు మా నాన్నగారు కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లారు. ప్రభలు వచ్చేదాకా ఆగలేక బుడగల కొట్టు దగ్గర పేచీ పెట్టాను. మూడు గుళ్లు కొన్నారు. మూడూ తప్పాయి. ఏడిస్తే ఇంకో మూడు కొన్నారు, అవీ తప్పాయి. నా తప్పనుకుని చాలా ఏళ్లు బాధపడ్డాను. రేంజిలో చేరాక తెలిసింది, ఆ కొట్టువాళ్ల తుపాకుల గురి సాధారణంగా ఏదో ఒక పక్కకి వంకరగా ఉంటుందని. వాడి తప్పు కూడా కాదులే, రోజుకి అంతమంది పిల్లలు పట్టుకు లాగితే వంగకేం చేస్తుంది.

వచ్చే కనుమకి మా మనవరాలు బెంగళూరు నుంచి వస్తోంది. దానికి ఆరేళ్లు. జగ్గన్నతోట వెళ్తాం. నువ్వూ మీవాళ్లతో రా. బుడగల కొట్టు దగ్గరే ఉంటాను. కాకపోతే మొదటి మూడు గుళ్లకి బుడగ పేలకపోతే నవ్వకూడదు. ఆ తుపాకీ ఎటు వంకరగా పోతోందో ముందు చూసుకోవాలి. అవి సైటర్లు. లెక్కలోకి రావు.